ప్రతి భాషకూ ఒక గడియ

గోదావరిఖనిలో భూమి లోపల రేడియో పలకదు. వందల అడుగుల మందాన మట్టి, రాయి, బొగ్గు అడ్డం ఉంటే మీడియం వేవ్ తరంగం అంత లోతుకు దిగదు. అందుకే బొగ్గుబాయిలో పనిచేసేవాడికి రేడియో ఎప్పుడూ షిఫ్టు దిగాక దొరికిన సుఖమే. నీళ్లు పోసుకుని, ఇంత తిని, క్వార్టరు ముందర మంచం వాల్చుకున్నాక ట్రాన్సిస్టర్ మీట తిప్పేవాళ్లు. ఏ ఇంట్లో ముల్లు ఎక్కడ ఆగిందో చూస్తే ఆ ఇల్లు ఏ ఊరి నుంచి వచ్చిందో సగం తెలిసిపోయేది.

1960ల నుంచి ఇక్కడ గనులు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల జనంతో పాటు కోస్తా జిల్లాలవాళ్లు, మహారాష్ట్ర, ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్ వాళ్లు వచ్చి చేరారు. 1978లో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి పునాదిరాయి పడ్డాక ఇంకొన్ని రాష్ట్రాల కుటుంబాలు వచ్చాయి. బాయిలో అందరిదీ ఒకే మాట. సర్దార్, మస్టర్, టబ్బు, హాలర్, ఫిల్లర్ అంటూ ఉర్దూ, ఇంగ్లిష్, తెలుగు కలిసిపోయిన పని భాష అది. ఇంటికొచ్చాక మాత్రం ఎవరి భాష వాళ్లది.

ఆ కాలనీలకు రాత్రిపూట ఒక సౌకర్యం ఉండేది. పగలు మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని కొంతదూరమే పోతుంది. చీకటి పడితే పైనున్న అయనావరణం దాన్ని తిప్పి కిందికి పంపుతుంది, వందల మైళ్ల అవతలి కేంద్రాలు కూడా వినపడతాయి. హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ మీద, విజయవాడ 837 మీద దొరికేవి. 1988 నుంచి నాగపూర్‌లోని వెయ్యి కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ 1566 మీద రాత్రంతా జాతీయ ప్రసారాలు వినిపించింది. షార్ట్ వేవ్ ఉన్న సెట్టయితే రేడియో సిలోన్ హిందీ పాటలు, మీనాక్షి పొన్నుదురై గొంతులో తెలుగు పాటలు కూడా పట్టేది. బహుభాషా దేశంలో రేడియో ఎలా పనిచేస్తుందో పుస్తకాలు చదవక్కర్లేకుండా తెలిసే చోటు ఈ బొగ్గు పట్టీ.

ఆకాశవాణి తన ప్రసారాలు 23 భాషల్లో, 179 మాండలికాల్లో సాగుతాయని చెబుతుంది. గొప్ప సంఖ్యే. కానీ ఒక భాషలోకి వార్తను దించడం వేరు, ఆ భాష మనుషులు తమ సంగతి తాము చెప్పుకోవడం వేరు. మన రేడియో ఈ రెండూ చేసింది. రెండింటికీ కావలసిన నేర్పులు వేరు.

మొదటిదానికి ఢిల్లీ తెలుగు వార్తలే ఉదాహరణ. రెండో ప్రపంచయుద్ధం మొదలైన 1939లోనే ఢిల్లీ నుంచి తెలుగులో వార్తలు మొదలయ్యాయి. దశాబ్దాల తరబడి పద్ధతి ఒకటే. జనరల్ న్యూస్ రూమ్‌లో వార్తల మూలప్రతి ఇంగ్లిష్‌లో తయారయ్యేది. భాషా విభాగాల వాళ్లు దాన్ని తీసుకుని ఎవరి భాషలోకి వాళ్లు మార్చుకునేవాళ్లు. మార్చినవాళ్లే మైకు ముందు కూర్చుని చదివేవాళ్లు. సినిమాల్లోకి రాకముందు కొంగర జగ్గయ్య చేసిన పని ఇదే. తెలుగు వార్తలు చదివిన తొలి మహిళగా పేరుపొందిన జోలెపాళెం మంగమ్మ చేసిందీ ఇదే.

ఈ పనిలోని కష్టం వినేవాళ్లకు తెలియదు. ఇంగ్లిష్ వాక్యం ఎవరు ఏమన్నారో ముందే చెప్పేసి ఆ తరువాత వివరాలు తగిలిస్తూ పోతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఆ పొడుగు వాక్యాన్ని అలాగే తెలుగు చేస్తే, క్రియ వచ్చేలోపు కర్త ఎవరో వినేవాడు మరిచిపోతాడు. పేపరైతే కన్ను వెనక్కి పోయి మళ్లీ చదువుకుంటుంది, చెవికి ఆ వీలు లేదు. అందుకని ఒక వాక్యాన్ని రెండుగానో మూడుగానో విరవాలి, అంకెలను నోటికి అందేలా చేయాలి, సర్వనామం బదులు పేరే మళ్లీ చెప్పాలి. ఇదంతా బులెటిన్ గంట కొట్టేలోపు జరగాలి. తెలుగు వచనం పొట్టి వాక్యాల్లో ఎంత నిండుగా నడవగలదో పత్రికలతో సమానంగా రేడియో కూడా చూపించింది. ఆ గౌరవం దానికి ఇంకా పూర్తిగా దక్కలేదు.

అయితే ఆ వార్తల తెలుగు గోదావరిఖని వీధుల్లో మాట్లాడే తెలుగు కాదు. ఆ కొరత తీర్చింది సంభాషణ. హైదరాబాద్ కేంద్రం ‘కార్మికుల కార్యక్రమం’లో రాంబాబు, చిన్నక్క, ఏకాంబరం అనే మూడు పాత్రలు ఉండేవి. ప్రావిడెంట్ ఫండ్, బీమా, పొదుపు, పిల్లల చదువు లాంటి ఏ విషయమైనా వాళ్లు ముగ్గురూ మాట్లాడుకుంటుంటే శ్రోత పక్కింటి మాటల్లా వినేవాడు. ఉపన్యాసంగా చదివితే ఎవరూ వినని సంగతిని వాదనగా మారిస్తే అందరూ విన్నారు. ఒకరికి తెలియదు, ఒకరు సందేహిస్తారు, ఒకరు విడమరుస్తారు. ఈ ముగ్గురి తీరు పల్లె కార్యక్రమాలకూ పనికొచ్చింది. నోటి మాట మీద బతికే సమాజానికి ఇంతకన్నా తగిన బోధనా పద్ధతి లేదు.

రెండో పని, అంటే భాషకు దాని మనుషుల చేతే గొంతునివ్వడం, ఈ ప్రాంతంలో మొదటినుంచీ కొంత వెనకబడే ఉంది. 1935లో హైదరాబాద్‌లో పుట్టిన దక్కన్ రేడియోలో ఉర్దూదే పెద్దపీట. హైదరాబాద్ రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లయినా తెలుగుకు, దాంతోపాటు మరాఠీకి, కన్నడానికి పంచి ఇచ్చిన సమయం కొద్దిదే. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆకాశవాణిలో కలిసింది. అప్పుడు తెలుగు వంతు పెరిగింది. గోండీ, కొలామీ వాళ్లు మాత్రం ఇంకో ముప్ఫై ఆరేళ్లు ఆగాల్సి వచ్చింది.

1986 అక్టోబర్ 12న ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ గనులు కూడా అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోనివే. ఈ కేంద్రం తెలుగుతో పాటు గోండీ, కొలామీ, లంబాడీ భాషల్లో కార్యక్రమాలకు చోటిచ్చింది. వీటిని విడివిడిగా చెప్పడానికి కారణం ఉంది. గోండీ, కొలామీ రెండూ ద్రావిడ కుటుంబానివే అయినా ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. లంబాడీ అసలు ఆ కుటుంబానిదే కాదు, అది ఉత్తరాది భాషల వైపుది. ‘గిరిజన కార్యక్రమం’ అని ఒకటే పెట్టి చేతులు దులుపుకుంటే ముగ్గురిలో ఇద్దరికి అన్యాయం జరుగుతుంది. 2011 జనగణనలో గోండీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 29 లక్షలు దాటారు, కొలామీ వాళ్లు లక్షా 28 వేలు. రెండూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేవు.

ఇలాంటి భాషలకు రేడియో ఎంత నప్పుతుందో ఆదిలాబాద్‌లో చూడొచ్చు. గోండీని ఇక్కడ తెలుగు లిపిలో రాస్తారు, ప్రాణహిత దాటితే దేవనాగరిలో. గుంజాల ఊళ్లో బయటపడిన చేతిరాతల ద్వారా తెలిసిన సొంత లిపి కూడా ఒకటుంది. ముద్రించిన పుస్తకం ఏ లిపిలో ఉంటే ఆ వైపువాళ్లకే అందుతుంది. గొంతుకు ఆ హద్దు లేదు. పైగా గోండుల చరిత్ర పుస్తకాల్లో ఉన్నది తక్కువ, వాళ్ల వంశగాయకులైన ప్రధాన్ల పాటలో ఉన్నది ఎక్కువ. కీక్రి వాయిస్తూ ప్రధాను పాడేది గోండు గోత్రాల పుట్టుపూర్వోత్తరాలు. దీపావళి రోజుల్లో దండారి, గుస్సాడీ ఆటలకు, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశీయుల పూజలకు ఎవరి పాట వాళ్లకుంది. మైకు వాటి దగ్గరికి పోవాలి తప్ప, అవి స్టూడియోకు నడిచి రాలేవు. స్టూడియోలో పాడించిన పాటకు సమయం హద్దు పడుతుంది. జాతరలో రికార్డు చేసిన పాటకు వంతపాట, డప్పు, పక్కనున్నవాళ్ల అరుపు అన్నీ తోడొస్తాయి. వినేవాడికి అది తన ఊరని తెలిసేది ఆ అరుపుతోనే.

1989లో పట్టీకి అవతలి కొస, సింగరేణి బొగ్గు సంస్థ ప్రధాన కార్యాలయమున్న కొత్తగూడెంలో ఇంకో కేంద్రం వచ్చింది. అక్కడ కోయ భాషకు చోటు దక్కింది.

భాషకో రేడియో అనగానే మంచే జరుగుతుందని లేదు. దక్షిణాఫ్రికాలో జాతివివక్ష ప్రభుత్వం 1960లో ‘రేడియో బంటు’ పేరుతో నల్లజాతి భాషలకు విడివిడిగా ప్రసారాలు పెట్టింది. ఒకరి నుంచి ఒకరిని విడదీసి ఉంచడమే దాని ఉద్దేశం. విచిత్రంగా ఆ భాషా కేంద్రాల్లోనే జూలూ నాటకాలు, పాటలు పెరిగాయి. ఆ జూలూ కేంద్రమే నేటి ఉఖోజీ ఎఫ్‌ఎం, ఇవాళ ఆ దేశంలో అత్యధికులు వినే రేడియో. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు సంగతి.

ఆ పగ్గాల ప్రశ్నకు మన దేశంలో సుప్రీంకోర్టు 1995లో జవాబు చెప్పింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని ఆ తీర్పు సారం. తీర్పిచ్చిన ధర్మాసనానికి నాయకత్వం వహించిన జస్టిస్ పి.బి. సావంత్ చేతుల మీదుగానే 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గరి మాచునూరులో ‘సంఘం రేడియో’ మొదలైంది. నడిపేవాళ్లు దళిత రైతు మహిళలు. పప్పుధాన్యాలు, చిరుధాన్యాలు, విత్తనాలు, పండుగ పాటలు అన్నీ వాళ్ల ఊరి తెలుగులోనే. రికార్డింగ్, ఎడిటింగ్, చదవడం అన్నీ వాళ్లే చేస్తారు. శుద్ధమైన ఉచ్చారణ లేకపోతే మైకు ముందుకు రాకూడదన్న పాత పట్టింపును ఆ చిన్న కేంద్రం పక్కన పెట్టేసింది.

గోదావరి అవతలి ఛత్తీస్‌గఢ్‌లో 2010లో శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన ‘సీజీనెట్ స్వర’కు ట్రాన్స్‌మిటరే లేదు. ఊరివాళ్లు ఫోన్ చేసి గోండీలోనో హిందీలోనో తమ సంగతి చెబుతారు. పరిశీలించాక అది అందరూ ఫోన్‌లో వినేలా చేరుతుంది. రేషన్ రాలేదనీ, బోరింగు పాడైందనీ చెప్పుకుని పని జరిపించుకున్న ఊళ్లున్నాయి.

ఇక గోదావరిఖని సంగతి. మీడియం వేవ్ మాదిరి కాక ఎఫ్‌ఎం తరంగం చూపు మేరకే పోతుంది. ఎఫ్‌ఎం కేంద్రాలున్న ఆదిలాబాద్, కొత్తగూడెం రెండూ ఇక్కడికి నూరు కిలోమీటర్లకు పైబడి దూరం. పట్టీ రెండు కొసలకూ తమ మాట వినిపించే రేడియో ఉంది, నడిమధ్యన ఉన్న ఈ పెద్ద కార్మిక పట్టణానికే దాని అవసరం తీరలేదు. కమ్యూనిటీ రేడియో నిబంధనలు ఇందుకు చక్కగా సరిపోతాయి. 2006 నుంచి విద్యాసంస్థలతో పాటు లాభాపేక్ష లేని సంస్థలు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నూరు వాట్ల శక్తి, కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారుకావాలన్న షరతు. నూరు వాట్లతో ఎనిమిదో ఇంక్లైన్ కాలనీకి, ఎన్టీపీసీ టౌన్‌షిప్‌కు, ఓపెన్‌కాస్ట్ గనుల అంచున ఉన్న పల్లెలకు మాట అందుతుంది. పొద్దున ఏ ఓపెన్‌కాస్ట్ గనిలో ఎన్ని గంటలకు బ్లాస్టింగో తెలుగులో, హిందీలో చెప్పొచ్చు. రిటైరైన ఫిల్లర్లు, సర్దార్లు తాము దిగిన బాయిల కథలు తమ యాసలోనే చెప్పుకోవచ్చు. వారంలో ఒక సాయంత్రం ఒడియాకు, ఒక సాయంత్రం లంబాడీకి ఇవ్వొచ్చు. తట్ట, చెమ్మస్‌తో బొగ్గు నింపిన తరం పెద్దదైపోతోంది, ఆ గొంతులను ఇప్పుడే రికార్డు చేసుకోవాలి. దీనికి కావలసింది ఒక గది, రెండు మైకులు, ఒక కంప్యూటరు, దరఖాస్తు మీద సంతకం పెట్టే ఒక సంస్థ.