దొర మీసం, పట్వారీ కలం

తెలంగాణ పల్లె మీద ఈ మధ్య వచ్చిన కథలు, నవలికలు కొన్ని ఒక్కచోట పెట్టుకుని చదివాను. ఎక్కువ భాగం అభ్యుదయ దృక్పథం ఉన్న రచయితలవే. భాష బాగుంది, పనిపాటల వర్ణన బాగుంది, పలుకుబడి ఎక్కడా తప్పలేదు. కాని ఒక్క సంగతి నన్ను ఇబ్బంది పెట్టింది. మూడో పేజీకి రాకముందే శత్రువెవరో తెలిసిపోతున్నాడు. వాడికి మీసం ఉంటుంది, వేళ్ళకు ఉంగరాలుంటాయి, వాకిట్లో పడక్కుర్చీ ఉంటుంది, నోరు తెరిస్తే బూతు వస్తుంది. కథలోని కూలివాడికి కూడా మొదటినుంచీ వాడే శత్రువని తెలుసు. ఇక మిగిలింది తిరగబడటమే. తిరగబడతాడు, కథ ముగుస్తుంది.

దొర మీసం కల్పన అని నేననడం లేదు. అది మన తాతలు చూసిందే. నేను అడిగేది వేరు. పల్లె జనం ఏళ్ళతరబడి తన్నులు తిని, కోర్టుల చుట్టూ తిరిగి, ఇంటివాళ్ళతోనే కొట్లాడి, చివరికి తమ శత్రువు ఫలానా అని తేల్చుకున్నారు. ఆ తేల్చుకోవడమే వాళ్ళ చైతన్యం. రచయిత ఆ చైతన్యాన్ని పాత్రకు పుట్టుకతోనే ఇచ్చేస్తే ఇక పాత్రకు ఎదుగుదల ఎక్కడిది? చదువరికి కొత్తగా తెలిసేదేమిటి?

జనగామ ప్రాంతాన్నే తీసుకుందాం. అప్పట్లో అది నల్లగొండ జిల్లాలో తాలూకా. విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి పేరు తెలియని సాహిత్య విద్యార్థి ఉండడు. నలభై వేల ఎకరాల ఆసామి అని సుందరయ్య పుస్తకం లెక్క చెబుతుంది. కడవెండి గడిలో ఆయన తల్లి జానకమ్మ చేసిన దాష్టీకాలు ఇప్పటికీ అక్కడి ముసలివాళ్ళ నోళ్ళలో ఉన్నాయి. 1946 జూలై 4న ఆ కడవెండిలోనే ఊరేగింపు మీద తుపాకులు పేలాయి, దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఇంత స్పష్టంగా కనబడే శత్రువు ఇంకెక్కడ దొరుకుతాడు? అయినా పాలకుర్తి చాకలి ఐలమ్మ కథను జాగ్రత్తగా చదివితే శత్రువు ఒక్కసారిగా ఎదురుపడలేదని తెలుస్తుంది.

ఐలమ్మ కౌలుకు చేసిన భూమి విస్నూరు దొరది కాదు. అది మల్లంపల్లి మక్తేదారుది. ఆమెకు మొదట అడ్డం తగిలింది గడి కాదు, ఊరి పట్వారీ. తన పొలంలో వెట్టికి రమ్మన్నాడు. సంగంలో చేరిన ఐలమ్మ రానంది. ఆ కాదనడం గడి దాకా పోయింది. తనది కాని భూమి మీద దేశ్‌ముఖ్‌కు హక్కు పుట్టింది! ఎలా పుట్టింది? గుండాలు వచ్చింది తర్వాత. ముందు వచ్చింది కాగితం. సంగం కార్యకర్తల మీద కేసులు, భూమి మీద దావా, ఆ తర్వాతే కోతకొచ్చిన పంట మీదికి లాఠీలు. పంట ఇల్లు చేరడానికి సంగం వాలంటీర్లు ఎలా నిలబడ్డారో మనం గర్వంగా చెప్పుకుంటాం, పాటల్లో పాడుకుంటాం. పట్వారీ మాత్రం మన పాటల్లో లేడు. ఉన్నా ఒక చరణం మూల నవ్వులాటకు ఉంటాడు. నా దృష్టిలో ఆ కథకు ఇరుసు అతనే. దొరకూ భూమికీ మధ్య నిలబడి, ఒకడి బలాన్ని ఇంకొకడి హక్కుగా మార్చి రాసేది అతని కలం.

కామారెడ్డిగూడెం షేక్ బందగీ సంగతి ఇంకా చిక్కయినది. ఆయన మీద భూమి తగాదా పెట్టింది పరాయివాడు కాదు, సొంత కుటుంబంవాడు. వెనక దేశ్‌ముఖ్ అండ ఉంది. బందగీ తుపాకీ పట్టలేదు, నినాదం ఇవ్వలేదు. దావా నడిపాడు, కోర్టులో గెలిచాడు. గెలిచినవాణ్ణి 1941లో దారికాచి చంపారు. జనగామ నుంచి సూర్యాపేట పోయే దారిలో ఆయన సమాధి ఉంది.

ఈ బందగీ కథే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు 1947లో రాసిన ‘మా భూమి’ నాటకానికి ప్రేరణ అయింది. ప్రజానాట్యమండలి దాన్ని ఊరూరా ఆడింది. ఆ నాటకం చేసిన మేలు ఎవరూ కాదనలేరు. రంగస్థలానికి దొర ఒక్కడు కావాలి, వాడు ఎదురుగా నిలబడాలి, జనం వాణ్ణి చూసి పళ్ళు కొరకాలి. ఆనాటి అవసరం అది. కాని ఒక నవలాకారుడు ఈ రోజున బందగీ దగ్గరికి వెళితే అతనికి దొరికే వస్తువు వేరుగా ఉంటుంది. న్యాయస్థానాన్ని నమ్మిన రైతు. ఒకే కంచంలో తిని పెరిగి వాయిదాకు ఎదురుగా నిలబడ్డ బంధువు. వాడు శత్రువా, శత్రువు చేతిలోని పనిముట్టా? ఈ ప్రశ్నను బందగీ తనలో తాను ఎన్ని రాత్రులు వేసుకుని ఉంటాడు! ఆ రాత్రుల మీద మనకు ఇంకా నవల రాలేదు.

నిజానికి మన నవలలో ఈ దృష్టి మొదటినుంచీ లేకపోలేదు. మానుకోట పక్కన చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య తన నవలకు ‘చిల్లర దేవుళ్ళు’ అని పేరు పెట్టాడు. ఆ పేరులోనే ఒక విమర్శ ఉంది. పెద్ద దేవుడు హైదరాబాదులో ఉంటాడు, ఊళ్ళో ఉండేది చిల్లర. చిల్లర కాబట్టే ప్రతి చేతికీ తగులుతుంది, ప్రతి రోజూ తగులుతుంది. దేశ్‌ముఖ్‌తో సమానంగా కరణాన్ని కూడా ఆ నవల దేవుళ్ళ వరసలో నిలబెట్టింది. దొర సంగీతం విన్నాడు, పాటగాణ్ణి ఆదరించాడు. అదే గడిలో ఆడబాపల బతుకు ఏమిటో కూడా రచయిత చూపించాడు. పాట విని తల ఊపిన మనిషే ఆడబాపలను వాడుకున్నాడని చూపడం కష్టమైన పని. పడక్కుర్చీలో కూర్చుని బూతులు తిట్టే దొరను రాయడం చాలా తేలిక. 1955లో వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో కూడా కంఠీరవం ఒక్క రోజులో నాయకుడు కాడు. మతమార్పిళ్ళ గొడవ ఊరిని రెండుగా చీల్చబోయినప్పుడు అసలు తగాదా ఎక్కడుందో అతను వెతుక్కోవాల్సి వచ్చింది. శిల్పంలో కొరతలున్నాయి, ఉపన్యాసాలున్నాయి. అయినా వెతుకులాట ఉంది. ఇప్పటి చాలా కథల్లో శిల్పం ఉంది, వెతుకులాట లేదు.

మతం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పక తప్పదు. 2024 మార్చిలో ‘రజాకార్’ అనే సినిమా వచ్చింది. ఏటేటా సెప్టెంబర్ 17 వచ్చిందంటే విమోచనమా, విలీనమా, సమైక్యతా అని పార్టీలు పేర్ల కోసం కొట్లాడుకుంటాయి. ఈ గొడవలో ఒక పాఠాన్ని మెల్లగా పిల్లల తలకెక్కిస్తున్నారు: ఆనాటి పీడకుడు ముసల్మాను, పీడితుడు హిందువు అని. రజాకార్ల అకృత్యాలను ఎవరు కాదంటారు? 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో పారిన నెత్తురు నిజం. ఆ నెలలోనే హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నరికి చంపిందీ నిజం. కాని ఆయన ముసల్మానే కదా! బందగీ ముసల్మానే కదా! ఆయన్ను చంపించిన దొర హిందువే కదా! గ్రామాల మీదికి రజాకార్లు వచ్చినప్పుడు వాళ్ళకు దారి చూపించి, సంగపోళ్ళ ఇళ్ళు గుర్తుపెట్టింది ఎవరి మనుషులు? జనగామ తాలూకా చరిత్ర మొత్తం ఈ ఒక్క అబద్ధానికి అడ్డంగా పడుకుని ఉంది. అందుకే ఆ చరిత్రను కథగా రాయడం ఈ రోజు వట్టి స్మరణ కాదు. రచయిత చెప్పకపోతే ఆ ఖాళీలో సినిమా చెబుతుంది.

1948 తర్వాత సంగతి మరీ విచిత్రం. నిజాం ఓడిపోయాడు. 1950 జనవరి నుంచి ఆయనే రాజప్రముఖ్ అయ్యాడు. పారిపోయిన దొరలు పట్టాలు చేతపట్టుకుని ఊళ్ళకు తిరిగి వచ్చారు. కొత్త టోపీ పెట్టుకున్నారు. 1979లో గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాలో దొర టోపీ మార్చి తిరిగి రావడం చూసి హాల్లో జనం నవ్వేవారు. ఆ నవ్వులో బాధ ఉంది. నిన్నటి శత్రువే ఇవాళ జెండా ఎగరేస్తున్నాడు, దండ వేయించుకుంటున్నాడు. పోరాటం 1951 అక్టోబరు దాకా ఎందుకు సాగిందో, సాగవలసిందేనా కాదా అని ఉద్యమంలోనే ఎంత వాదం నడిచిందో తెలిసిందే. ఆ వాదం అడుగున ఉన్నది ఈ ప్రశ్నే: మనం ఓడించవలసింది నిజామునా, దొరనా? ఇంత పెద్ద ప్రశ్న ఒక దళసభ్యుడి మనసులో ఎలా రగిలి ఉంటుందో మన నవలలు అంచుల మీదనే తాకి వదిలాయి.

ఇక మానుకోట. 2010 మే 28న అక్కడి స్టేషన్లో లేచిన రాళ్ళ మీద ఎన్నో పాటలొచ్చాయి. ఆనాడు శత్రువు రైలు దిగి వస్తున్నాడని అనుకున్నారు. రాష్ట్రం 2014లో వచ్చింది. రైలు దిగనవసరం లేని శత్రువుల మీద పాటలు మాత్రం రావలసినన్ని రాలేదు.

అదే మానుకోట ఏజెన్సీలో, గూడూరు, కొత్తగూడ వైపు, కోయలకూ లంబాడాలకూ మధ్య పెరిగిన వైరం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. 1970 నాటి ఒకటి బై డెబ్భై చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోరాదు. తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాకెక్కింది 1976 చట్టంతో. అప్పటినుంచి ఉద్యోగాల్లో, చదువుల్లో, భూమిలో పోటీ మొదలైంది. 2017 చివర అది కొట్లాటల దాకా వెళ్ళింది. కోయ పిల్లవాడి ఫిర్యాదులో నిజముంది: టీచరు పోస్టు తనకు రావడం లేదు. లంబాడా పిల్లవాడి జవాబులోనూ నిజముంది: జనగామ పక్క ధర్మాపురం తండాలో దొర మీదికి లేచినవాళ్ళు తన తాతలు, జాటోతు ఠాణూనాయక్ తనవాడు. ఇద్దరికీ నిజమున్న చోట కథకుడు ఏం చేయాలి? ఒక పక్షం తీసుకుని రెండోవాణ్ణి విలన్ చేయడం తేలిక. ‘మీరిద్దరూ పేదలే, కలిసిపోండి’ అని ఒక మాస్టారి చేత చెప్పించడం అంతకన్నా తేలిక, అంతకన్నా అబద్ధం. ఉన్న నాలుగు పోస్టుల కోసం ఇద్దరినీ కొట్లాటకు దించి, చట్టం ఉండగానే ఏజెన్సీ భూమిని బినామీ పేర్లతో అనుభవిస్తున్నవాడు కథలో ఎక్కడ కూర్చుంటాడు? బహుశా మిర్చి బస్తాలు తూచే కాంటా దగ్గర, ఇద్దరికీ అప్పులిస్తూ, ఇద్దరినీ ‘తమ్మీ’ అని పిలుస్తూ.

ఇదంతా ఆ మధ్య జనగామలో జరిగిన ఒక గోష్ఠిలో చెప్పాను. ఒక ఎం.ఏ. విద్యార్థి లేచి సూటిగా అడిగాడు: “సార్, మీరు వ్యవస్థ వ్యవస్థ అంటుంటే దొర తప్పించుకుంటున్నాడు. వ్యవస్థను ఎవరు కొడతారు? కొట్టడానికి ఒక ముఖం ఉండాలె గద?” గోష్ఠిలో చాలామంది చప్పట్లు కొట్టారు.

ప్రశ్న బలమైనదే. వ్యవస్థ మీద నెట్టేసి మనిషిని వదిలేసే రాతలు నేనూ చూశాను. అవి పిరికి రాతలు. బందగీని చంపించింది వ్యవస్థ కాదు, పేరున్న మనిషి. కాని ముఖం కావాలన్న తొందరలో ఏ ముఖం దొరికితే ఆ ముఖాన్ని కొట్టడం ఎంత ఘోరానికి దారితీస్తుందో మనం ఈ మధ్యే చూశాం. 2019 నవంబరులో అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక మహిళా తహసీల్దారును ఆమె ఆఫీసు గదిలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. తగలబెట్టినవాడు భూమి తగాదాలో ఉన్న రైతు. వాడూ కాలి చచ్చిపోయాడు. ఆ రోజుల్లో ‘బాగా అయింది’ అన్నవాళ్ళు నాకు తెలుసు, చదువుకున్నవాళ్ళే. ఆ మాట విన్నప్పుడు సాహిత్యం ఎంత పని చేయకుండా వదిలేసిందో నాకు అర్థమైంది.

పట్వారీ వ్యవస్థ 1984లో పోయింది. తర్వాత వచ్చిన వీఆర్వోలు 2020లో పోయారు. ఆ ఏడాది అక్టోబరు 29న ధరణి వచ్చింది. లంచం అడిగే మనిషే లేడు కదా అని సంబరపడ్డారు. పహాణీలో అనుభవదారు కాలమ్ తీసేశారు. ఐలమ్మ ఈ రోజున కౌలు చేస్తూ ఉంటే ఆమె పేరు రాసుకునే గడి కూడా ఆ కాగితంలో లేదన్నమాట! సాదాబైనామా మీద కొనుక్కున్నవాడి భూమి అమ్మినవాడి పేరునే ఉంది. కొందరి సర్వే నంబర్లు నిషేధిత జాబితాలో తేలాయి. ఎందుకు తేలాయో తహసీల్దారు చెప్పలేదు, కలెక్టరాఫీసు చెప్పలేదు, మీసేవ కుర్రవాడు స్క్రీన్ వైపు చూపించాడు. 2025 ఏప్రిల్లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. పేరు మారినంత మాత్రాన పాత తప్పులు వాటంతట అవే దిద్దుకోవు. ఆనాటి పట్వారీని కనీసం తిట్టవచ్చు, వాడి ఇంటి ముందు కూర్చోవచ్చు. ఇప్పటి రైతు ఎవరి ఇంటి ముందు కూర్చోవాలి? ఆ విద్యార్థికి నేను ఇచ్చిన జవాబు ఇదే: ముఖం ఉంది, కాని అది కథ మొదట్లో ఉండదు. ఏ కాలమ్ ఎవరు తీయించారు, తీసినందువల్ల ఎవరి పట్టా గట్టిపడింది అని ఒక్కొక్క మెట్టూ దిగితే అక్కడ మనిషే దొరుకుతాడు. ఆ దిగడాన్నే కథ చేయమంటున్నాను.

భూపాలపల్లి నాకు ఇంకా పెద్ద పరీక్షగా కనబడుతుంది. అక్కడ గడి లేదు, సింగరేణి ఉంది. అందులో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అంటే చట్టం మాటల్లో అది ప్రజలదే. బాయి మీద పర్మినెంటు కార్మికుడికి లాభాల్లో వాటా వస్తుంది. అదే దుమ్ములో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు హైపవర్ కమిటీ వేతనాల కోసం 2022 సెప్టెంబరులో సమ్మెకు దిగాడు. సమ్మె రోజుల్లో ఇద్దరూ ఒకే కాలనీలో ఉన్నారు. ఒకరి పిల్లలు ఒకరి ఇంట్లో అన్నం తిన్నారు. ‘పర్మినెంటోళ్ళు మా కోసం పని ఆపలే’ అని ఒకడు కోపగించుకుంటాడు. ‘మేం మా రోజుల్లో కొట్లాడి తెచ్చుకున్నం’ అని ఇంకొకడంటాడు. వీళ్ళ మీద కథలు రాస్తున్న యువకులు అక్కడక్కడా ఉన్నారు. ఒకరి రాతప్రతి చదివాను. అందులో విలన్ లావుపాటి కాంట్రాక్టరు, మెడలో గొలుసు. ఆ కుర్రవాడితో రెండు గంటలు మాట్లాడాను. చివరికి నోరు విప్పాడు: తన మేనమామే సబ్ కాంట్రాక్టరట. ముప్పై మందిని పెట్టుకుని, పైవాడికి పర్సెంటేజి కట్టి, తను కూడా వాళ్ళతోపాటే దుమ్ము తింటాడట. పండక్కి ఇంటికొస్తే తల్లికి చీర తెస్తాడట.

“ఆయన్ను రాయి” అన్నాను. “ఎట్ల రాయాలె సార్, అమ్మ ఏమంటది?” అన్నాడు. రాతప్రతి తీసుకుని వెళ్ళాడు. ఇంకా తిరిగి పంపలేదు.