తొలి బరువు

మొన్న కంప్లిలో తుంగభద్ర ఒడ్డున ఒక పూటంతా కూర్చున్నాను. ఒక ముసలాయన, ఆయన భార్య హరిగోలు అల్లుతున్నారు. పుట్టి అన్నా అదే, ఏరు దాటే గుండ్రటి పడవ. హరిగోలు అనే మాట ఈ ఒడ్డున కన్నడానికీ తెలుగుకూ ఉమ్మడి ఆస్తి. ఆ దంపతుల మాటలూ అంతే, ఒక భాషలో మొదలై రెండో భాషలో ముగుస్తాయి.

చీల్చిన వెదురు బద్దలను నేలమీద అడ్డంగా, నిలువుగా పరిచి నడుమ నుంచి అల్లుకుంటూ వస్తారు. అల్లిక లేచిపోకుండా మధ్యలో రాళ్లు పెడతారు. ఆయన బద్దను వంచుతుంటే ఆమె రెండో కొసను మడమతో తొక్కిపట్టింది. ఇంకొంచెం అని ఆయన అనలేదు, చాలు అని ఆమె అనలేదు. విరగబోయే ముందు బద్ద సన్నగా కిర్రుమంటుంది. ఆ చప్పుడుకు ఆయన చెయ్యీ ఆమె కాలూ ఒక్కసారే సడలాయి. ఎన్నేళ్లు కలిసి పనిచేస్తే ఆ చెవి వస్తుందో!

కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వీటి గురించి రాశాడు. గంపల్లాంటి గుండ్రటి పడవలనీ, లోపల బెత్తం, బయట తోలు అనీ, పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, తిన్నగా పోకుండా గిర్రున తిరుగుతాయనీ. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి. అల్లే చేతికి మాత్రం పని మారలేదు.

"తారు ఆరినాక అమ్మేస్తారా?" అని అడిగాను.

"అట్లెట్ల సామీ? ముందు నేనెక్కి నడి ఏటిదాకా పోయొస్తా. ఆ తర్వాతే ఎవరికైనా ఇచ్చేది."

"నేనూ ఎక్కుతా" అంది ఆమె. "నీళ్లు ఊరితే ముందు నా చీరకే తెలుస్తాది."

తాము చేసినదాని మీద తొలి బరువు తామే వేయడం! సృజన అంటే కొత్త రూపం పుట్టించడమే అనుకుంటాం. ఐదువందల ఏళ్లుగా రూపం మారని ఈ గంపను ప్రతిసారీ ప్రాణం పెట్టి పరీక్షించడం కూడా సృజనేనని నాకు ఆ ఒడ్డున తెలిసింది.

ఇదే ఏటికి ఎగువన, 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఉద్యోగ విరమణ చేసిన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆ వయసులో డ్యామ్ మీదికి వచ్చి నిలబడ్డారు. నీళ్లు దూకుతుండగానే ఆ ఖాళీలోకి ఉక్కు పలకలు ఒకదానిపై ఒకటి దింపించారు. వారం తిరిగేసరికి ప్రవాహం ఆగింది. లెక్కలు ఇంట్లో కూర్చుని చెప్పి పంపినా ఎవరూ తప్పుపట్టరు. కానీ దగ్గరుండి నిలబడ్డ పెద్దాయనను చూస్తే పనివాళ్ల చేతుల్లోకి వచ్చే ధైర్యం వేరు.

మన పనిలో కూర్చుని ఏరు దాటేవాళ్లు మనకు తెలియకపోవచ్చు. వంటలోనైనా, పాఠంలోనైనా, మందుల చీటీలోనైనా వాళ్లు ఉంటారు. వాళ్లకంటే ముందు మనం ఎక్కి చూడటమే వాళ్లతో మన బంధుత్వం.

ఇంటికొచ్చి ఈ కాలమ్ రాసి, మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె బట్టలు మడతపెడుతూ వింది. రెండు చోట్ల ఆమె చెయ్యి ఆగింది. ఆ రెండు వాక్యాలూ విప్పి మళ్లీ అల్లాను.