దేవదాసుకు కన్నీళ్ళు, పార్వతికి నిందలు

తాగుబోతు మొగుడు దొరికితే ఏ ఇల్లాలూ నవ్వదు గాని, తాగుబోతు హీరో దొరికితే మాత్రం మన ఆడవాళ్ళం కొంగు తడిసేలా ఏడుస్తాం. 1953లో వినోదా వారి 'దేవదాసు' వచ్చింది మొదలు ఈ ఏడుపు మనకు ఆనవాయితీ. ఆ సినిమాలో అక్కినేని గారి కళ్ళలో కనిపించే మత్తు నిజానికి పెరుగన్నం మత్తు. రాత్రిపూట షూటింగుకు ముందు కడుపునిండా పెరుగన్నం తిని, నిద్రతో బరువెక్కిన కళ్ళతో నటించేవాణ్ణని ఆయనే చెప్పుకునేవారు. తెలుగుదేశంలో అందరికంటే పేరుపడ్డ తాగుబోతు పెరుగన్నంతో తయారయ్యాడన్న మాట!

ఆ పక్కన పార్వతిగా కన్నీళ్ళు పెట్టుకున్న అమ్మాయి సావిత్రి. తర్వాతి రోజుల్లో నిజంగా తాగుడు పాలయింది ఆ అమ్మాయే. మరి ఆమె కోసం మనం అదే మాదిరిగా ఏడ్చామా? ఏడవలేదు. "ఆడది అయ్యుండి ఏం పోయేకాలం!" అని చేతులు తిప్పుకున్నాం. 2018 మే 9న నాగ్ అశ్విన్ తీసిన 'మహానటి' విడుదలయ్యాక మాత్రం ఒక్కసారిగా అందరం కళ్ళు తుడుచుకున్నాం. అంతవరకూ రాని జాలి అప్పుడెలా వచ్చిందీ అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

సినిమా బాగుందా లేదా అన్న సంగతి తేలిపోయిందే. సావిత్రిగా వేసిన కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో దిగే ఘట్టం మీకు గుర్తుండే వుంటుంది. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడి నడక! 1957లో సావిత్రి చేసిన ఆ గారడీని అరవై ఏళ్ళ తర్వాత ఇంకో అమ్మాయి చేసి మెప్పించడం మాటలు కాదు. జర్నలిస్టు మధురవాణి వేషంలో సమంత సావిత్రి గతాన్ని వెతుక్కుంటూ పోవడం కూడా కథకు మంచి పట్టు. ఆ వెతికే మనిషి ఆడది కావడం ఇంకా బాగుంది.

ఈ కథ మా కడప జిల్లా వాళ్ళకు పరాయిది కాదు. సావిత్రి పుట్టింది గుంటూరు జిల్లాలోనే అయినా, ఆమెకు పెద్దపీట వేసిన వాళ్ళు మా వాళ్ళు. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్.రెడ్డి గారు వాహినికి మూలపురుషులు. ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు కలిసి విజయా సంస్థ నడిపారు. 'సంసారం'లో పెద్ద వేషమే దక్కినా కంగారుపడి చేయలేక, చిన్న వేషానికి దిగిన పిల్ల సావిత్రి. ఆ పిల్లకు విజయా వారు 'పెళ్ళి చేసి చూడు'లో వేషమిచ్చారు. 1955లో 'మిస్సమ్మ' తీస్తూ, భానుమతి గారికి, చక్రపాణి గారికి మాట తేడా వస్తే ఆ మిస్సమ్మ వేషం సావిత్రికి కట్టబెట్టారు. ఇక 'మాయాబజార్' సంగతి చెప్పనే అక్కర్లేదు. శరత్ నవలలను తెలుగువాళ్ళ ఇళ్ళలోకి తెచ్చిన వాళ్ళలో చక్రపాణి గారు ముఖ్యులు. దేవదాసును మనకు అలవాటు చేసిన చేతులే సావిత్రినీ తీర్చిదిద్దాయంటే విచిత్రంగా లేదూ?

పులివెందుల తాలూకాలోనే సింహాద్రిపురం వుంది. హాస్యనటుడు పద్మనాభం గారి వూరు. ఆయన నిర్మాత అయి 1965లో సావిత్రి, ఎన్.టి.రామారావు గార్లతో 'దేవత' తీశారు. 1967లో 'శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న' తీసి ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంతో తొలి సినిమా పాట పాడించారు. తర్వాత నిర్మాతగా చేతులు కాల్చుకున్నారు. సావిత్రి కూడా 1968లో 'చిన్నారి పాపలు' సొంతంగా దర్శకత్వం చేసింది. సంగీతం పి.లీల గారికి అప్పజెప్పింది. ఇంకా పలు శాఖల్లో ఆడవాళ్ళనే పెట్టుకుంది. ఆ సినిమా ఆడలేదు. తర్వాత 'మూగమనసులు' కథను 1971లో అరవంలో 'ప్రాప్తం' పేరుతో తీసి ఇంకా నష్టపోయింది. ఇద్దరూ చేసింది ఒకే రకం సాహసం. ఆయన నష్టాన్ని మనం వ్యాపారం అన్నాం. ఆమె నష్టాన్ని నడవడిక అన్నాం. "లెక్క తప్పింది పాపం" అని ఆయనకు, "తాగి తగలేసింది" అని ఈమెకు!

'మహానటి' ఈ అన్యాయాన్ని కొంతవరకు దిద్దింది. కాని ఎలా దిద్దిందో చూడండి. సావిత్రికి ఒక దేవదాసు కథ అల్లింది. నమ్మి చేసుకున్న జెమినీ గణేశన్ మనసు మళ్ళింది, ఆమె గుండె పగిలింది, గ్లాసు చేతికొచ్చింది. మొదటి గుక్క అలవాటు చేసింది కూడా అతనేనని తెర మీద చూస్తాం. దీనికి జెమినీ గణేశన్ కూతుళ్ళలో ఒకావిడ అప్పట్లోనే బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ఆ తగాదాలో నిజానిజాలు తేల్చడం నా పని కాదు. నాకు గుచ్చుకున్న సంగతి వేరే వుంది. అంటే, ఆడమనిషి తాగుడును మనం మన్నించాలంటే, దాని వెనక మోసం చేసిన మగవాడు ఒకడు తప్పనిసరిగా వుండాలన్న మాట! కారణం చూపిస్తే కన్నీళ్ళు, చూపించకపోతే చీవాట్లు.

ప్రొద్దుటూరులో ఆ సినిమాకు నాతోపాటు జమ్మలమడుగు నుంచి మా మేనమామ కోడలు వచ్చింది. నాకు అక్క వరస. 1965 యుద్ధం రోజుల్లో సావిత్రి ఒంటి మీది నగలు ఒలిచి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారికి ఇచ్చే ఘట్టం వచ్చినప్పుడు హాల్లో ఆడవాళ్ళంతా 'అబ్బ' అన్నారు. అనరా మరి? వీధివీధినా బంగారం అంగళ్ళున్న వూరు మాది. సవరసు లెక్క చంటిపిల్లకైనా తెలుస్తుంది. మా అక్క మాత్రం కదల్లేదు. ఆమె భర్త, అంటే మా బావ, తాగుడుతోనే పోయాడు. ఇంటికొచ్చాక అంది: "ఆయమ్మకు అందరూ ముద్ద పెట్టించుకున్నారు, మ్మే. కూచోబెట్టుకుని, ఇది జబ్బు తల్లీ, పా వైద్యం చేపిద్దాం అని చెయ్యి పట్టుకుని లాక్కపోయిన మనిషేడీ? మా ఇంట్లోనూ అంతే గదా."

నేను చదివిన సమీక్షల్లో ఎక్కడా ఈ మాట దొరకలేదు. మా బావ విషయంలో జరిగింది కూడా అదే. మొదట తాగినప్పుడు "తండ్రి పోయిన దిగులు" అన్నారు. తర్వాత "వ్యాపారంలో దెబ్బ" అన్నారు. ఆ తర్వాత "పెళ్ళాం నోరు మంచిది కాదు" అన్నారు. ప్రతి సీసాకూ ఒక కారణం చూపించారు. కారణం దొరికింది కాబట్టి వైద్యం అక్కర్లేదనుకున్నారు. పెద్దాయన ఒకరు "దేవదాసు అయిపోయినాడు, పాపం" అని ముద్దుగా కూడా అన్నారు. ఆ ముద్దు మాటే మా అక్క పుస్తెలు తెంపింది.

తాగుడు వ్యసనం జబ్బేనని అమెరికా వైద్యసంఘం 1956లోనే ఒప్పుకుంది. మన సావిత్రి 'మాయాబజార్'కు తయారవుతున్న రోజులవి. దిగులు వల్ల మొదలు కావచ్చు, స్నేహితుల వల్ల మొదలు కావచ్చు. కాని కొంత దూరం పోయాక ఒంటికే అది కావలసి వస్తుంది. దిగులు తీరినా తాగుడు తీరదు. మళ్ళీ, బాగా అలవాటుపడ్డ మనిషి ఉన్నపళంగా మానేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుకే డాక్టరు దగ్గరుండి మాన్పించాలి. ఒట్లూ, శపథాలూ, తాయెత్తులూ ఇందుకు చాలవు. 'మహానటి' ప్రేమకు ఇచ్చినంత చోటు ఈ జబ్బుకు ఇవ్వలేదు. నా విమర్శంతా అంతే.

హాలీవుడ్‌లో తారలకు ఏజెంట్లని వుంటారు. తార సంపాదనలో నూటికి పది తీసుకుని, వేషాలు కుదిర్చి, కాగితాలు చదివి పెడతారు. సావిత్రికి మొదట్లో ఆ పని పెదనాన్న చూసేవాడు. పెళ్ళితో ఆ దారి తెగింది. ఆమెకూ ఒక మంచి ఏజెంటు వుండివుంటే ఆదాయపు పన్ను బాకీలు మెడకు చుట్టుకునేవి కావేమో అనిపిస్తుంది. కాని అదీ పూర్తి మందు కాదు. జూడీ గార్లండ్‌ను చూడండి. 1954లో 'ఎ స్టార్ ఈజ్ బార్న్'లో తాగుబోతు నటుడి భార్యగా వేసి లోకాన్ని ఏడిపించింది. మన పార్వతికి అక్కలాంటి వేషం. ఆమెకు ఏజెంట్లకు కొదవ లేదు. అయినా 1969లో, 47 ఏళ్ళకే, నిద్రమాత్రలు మోతాదు మించి లండన్లో పోయింది. మన పని మీద బతికేవాళ్ళు మనల్ని పని ఆపి పడుకోమని ఎందుకు చెబుతారు? ఏజెంటైనా, నిర్మాతైనా, అన్నం తినిపోయే చుట్టమైనా అంతే.

ఆ లెక్కన ఏ సినిమా చూడకుండానే ఈ సంగతి కనిపెట్టింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు. మొగుడు ఎందుకు తాగుతున్నాడో కథలు అల్లుకుంటూ కూచోలేదు. 1992లో సారా అంగడి మూయమన్నారు, మూయించారు. ఆ వూపు రాష్ట్రమంతా పాకి, 1995లో మద్యనిషేధం వచ్చింది. అది తెచ్చిన ముఖ్యమంత్రి 'మిస్సమ్మ'లో సావిత్రి పక్కన వేసిన రామారావు గారే! 1997లో దాన్ని సడలించారు. అంగడి మూస్తే అలవాటు లేనివాళ్ళు బతికిపోతారు. అలవాటైనవాళ్ళకు అంగడి మూయడంతోపాటు ఆసుపత్రి తలుపు కూడా తెరవాలి.

సావిత్రి 1981 డిసెంబరు 26న పోయింది. అంతకుముందు పంతొమ్మిది నెలలపాటు తెలివి లేకుండా మంచంలోనే వుంది. ఆ పంతొమ్మిది నెలలూ వైద్యం జరిగింది. జరగవలసింది దానికి పదేళ్ళ ముందు.

'మహానటి'ని తప్పకుండా చూడండి. వీలైతే 'దేవదాసు' చూసిన వారంలోనే చూడండి. ఏడుపొస్తే ఏడవండి, తప్పేం లేదు. కాని మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరైనా ఈ అలవాటులో పడితే, మగవాడు గాని, ఆడది గాని, "ఎందుకు తాగుతున్నట్టు?" అని ఆరా తీయడం రెండోరోజుకు అట్టిపెట్టండి. "డాక్టరుకు చూపించారా?" అని మొదటిరోజే అడగండి. ఆ మాట మా జమ్మలమడుగు అక్కను ఇరవై ఏళ్ళలో ఒక్కరూ అడగలేదట.