ఆబ్‌స్ట్రాక్టు - అమూర్తము

ఆంగ్లమునందలి ఆబ్‌స్ట్రాక్టను మాటకు మనవారు అమూర్తము, నైరూప్యము, భావవాచకము, సంగ్రహము, సారాంశము అని శాస్త్రమునకొక పర్యాయము వాడుచున్నారు. ఇందు దోషము లేదు. కాని వీనిలో నొకదానికిఁ బట్టము గట్టి తక్కినవానిని దాని పరివారముగాఁ జేయవలయునను కోరిక పారిభాషికకర్తలకుఁ బుట్టినప్పుడెల్ల నా పట్టము అమూర్తమునకే దక్కుచున్నది. నాకిది సమ్మతము కాదు.

ఈ పదము లాటిను భాషనుండి వచ్చినది. ‘అబ్స్’ అనఁగా దూరముగా, ‘త్రాహెరె’ అనఁగా లాగుట; లాగి వేఱుచేయఁబడినదని యవయవార్థము. పొలము దున్ను ట్రాక్టరును, మందులవారి ఎక్స్‌ట్రాక్టును దీని తోఁబుట్టువులే. కాఁబట్టి యిందుఁ బ్రధానము క్రియ: ఎవఁడో, దేనినుండియో, దేనినో తీయుచున్నాఁడు. అమూర్తమను మాటలోఁ గర్తయు లేఁడు, అపాదానమును లేదు. మూర్తి లేదను నిషేధమొక్కటే మిగిలినది. పైఁగా వైశేషికుల మతమున మూర్తత్వమనఁగాఁ బరిమితపరిమాణము గలిగియుండుట. వారికి కంటఁబడని మనస్సు మూర్తము, ఆకాశము అమూర్తము. ఆ యాకాశమును దేనినుండియు నెవ్వఁడును లాగి తీయలేదు. శాస్త్రమున స్థిరార్థము గల మాటను తెచ్చి వేఱొక పని కప్పగించుట పండితులకుఁ దగదు.

క్రియను బోఁగొట్టని మాట మనకు లేకపోలేదు. భర్తృహరి వాక్యపదీయమున అపోద్ధారమను మాటను వాడెను. వాక్యమఖండమనియు, పదములను మనము శాస్త్రవ్యవహారముకొఱకు దానినుండి వేఱుచేసి తీయుచున్నామనియు నాతని సిద్ధాంతము. అప, ఉత్ అను నుపసర్గలు రెండును లాటిను పదములోని దూరీకరణమునే చెప్పుచున్నవి. ఇంత సరిపోలిక యరుదు. తీసినది తీయఁబడినదేకాని మొదటినుండి విడిగా నున్నది కాదను హెచ్చరిక కూడ నా మాటలో నున్నది.

వ్యాకరణమున భావవాచకము చాలును; మంచితనము, పేదఱికము అన్నచోఁ బిల్లలకు సందియము లేదు. కచ్చేరీలెక్కలకు గోష్వారా యను పారసీకపదము చిరకాలముగా నున్నది. చిత్రకళలో నైరూప్యమనుట మాత్రము వింతగానున్నది. రేఖయు వర్ణమును రూపములు కావా?

చిక్కంతయు సారాంశమనుచోట వచ్చినది. స్వీడనుదేశపు శాస్త్రజ్ఞులు 2014లో ‘ఫ్రాంటియర్స్ ఇన్ మైక్రోబయాలజీ’ యను పత్రికయం దొక వ్యాసము ప్రకటించిరి. మందుల కర్మాగారముల మాలిన్యము చేరిన యొక చెఱువులో, ఔషధములకు లొంగని శక్తిని సూక్ష్మజీవులకిచ్చు జన్యువులు 81 రకములున్నవనియు, పోల్చుటకుఁ గైకొన్న స్వీడను సరస్సునందుకంటె నవి 7000 రెట్లు హెచ్చనియు నందలి ఆబ్‌స్ట్రాక్టు చెప్పుచున్నది. ఆ చెఱువు సంగారెడ్డి జిల్లాలోని కాజీపల్లి చెఱువు. కాని శీర్షికలో నది భారతదేశమందలి కలుషిత సరస్సు. ఆబ్‌స్ట్రాక్టులో భారతీయ సరస్సు. ఊరిపేరు వ్యాసము లోపలికిఁ బోయినగాని కానరాదు. శాస్త్రజ్ఞులనిందుకు నిందింపరాదు, లోకమందలి చదువరికిఁ గావలసినది పోలికయేకాని గ్రామనామము కాదు. అయినను దీనిని మనము సారాంశమని తెనిఁగించినచో, విడువఁబడినదంతయు నిస్సారమని యొప్పుకొన్నట్లే. ఆ చెఱువుగట్టున పశువులను మేపుకొనువానికి సారమేది, పిప్పి యేది? సంగ్రహమన్నను కూడఁదీయుటయేకాని వేఱుచేయుట కాదు; కాని యది విడిచినదానిపై తీర్పు చెప్పదు గనుక సారాంశముకంటె మేలు.

ఇఁక నొక యర్థమును మన పట్టికలు తఱచుగా విడుచుచున్నవి. పటాన్‌చెరు కాలుష్యమునుగూర్చి 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలయ్యెను. అట్టి ప్రాంతముల నీటినిగూర్చిన యాంగ్లనివేదికలను జదువువానికి భూగర్భజలముల ‘ఆబ్‌స్ట్రాక్షను’ అను మాట తఱచుగాఁ దగులును. అమూర్తమొక్కటే నేర్చిన విద్యార్థి దీనికేమి చెప్పును? నీరు అమూర్తమగుట యని వ్రాసిన నవ్వవలసినదే. మోటకైనను, ఏతమునకైనను, నేఁటి బోరుబావికైనను రైతు వాడు క్రియ యొక్కటే: తోడుట. ఎవఁడు, దేనినుండి, ఎంత తోడెనని వెంటనే యడుగుటకు వీలైన క్రియ యది. క్రొత్తమాట కల్పింప నక్కఱలేదు.

కావున నిఘంటుకర్తలు ఈ పదమునకు వేఱుచేసి తీయుట యను నర్థమును మొదటను, అపోద్ధారమును తత్త్వశాస్త్రార్థముగా దాని ప్రక్కను, తోడుటను జలశాస్త్రమునందును వ్రాసి, అమూర్తమును గడపట నిలుపవలయునని నా మనవి.