సుందరి గది: అజంతా పదహారవ గుహలోని చిత్రం

గ్రేటర్ నోయిడాలోని గౌతమ బుద్ధ విశ్వవిద్యాలయంలో బౌద్ధ అధ్యయనం సాగించేవారిలో భిక్షువులూ ఉన్నారు, గృహస్థులూ ఉన్నారు. అజంతా పదహారవ గుహలో ‘మరణిస్తున్న రాకుమారి’గా ప్రసిద్ధి పొందిన చిత్రం వారిరువురి ముందూ ఒకే ప్రశ్న ఉంచుతుంది. అంతఃపుర స్త్రీల ఏకాంతానికి భిక్షువులు నివసించే విహారపు గోడపై ఏమి పని?

ఆ పేరు 19వ శతాబ్దపు పరిశీలకులు పెట్టినది. అజంతా చిత్రాలకు నకళ్లు తీయించిన జాన్ గ్రిఫిత్స్ ఇందలి కరుణరసాన్ని మిక్కిలిగా కొనియాడాడు. ప్రశంస సముచితమే, పేరు మాత్రం తప్పుదారి పట్టించింది. ఇది మరణ దృశ్యం కాదు. పర్యంకంపై ఒరిగిన స్త్రీ తల వాలిపోయింది, కన్నులు అరమూతలు పడ్డాయి. వెనుక నుండి ఒక చెలికత్తె ఆమెను పట్టి నిలుపుతున్నది. ఒకతె విసురుతున్నది, ఒకతె మణికట్టు పట్టుకొన్నది, మరొకతె తన ఎదపై చేయి వేసుకొని చూస్తున్నది. ఈ కలతకు కారణం పక్కనే ఉన్నది: పరిచారకుడు తెచ్చిన కిరీటం. దాని యజమాని నందుడు, బుద్ధుని తమ్ముడు, భిక్షువైనాడు. ఈమె అతని భార్య సుందరి.

అశ్వఘోషుని ‘సౌందరనందం’ తెలిసినవారికి ఆ కిరీటపు బరువు తెలుస్తుంది. సుందరి ముఖాన దిద్దుకొన్న విశేషకం ఆరకముందే తిరిగి వస్తానని మాట ఇచ్చి నందుడు వెడలినాడు. పాలి ‘ఉదానం’లో ఆ వధువు సగం దువ్విన జుట్టుతో వెనుదిరిగి చూస్తుంది. రెండు గ్రంథాలూ ఆమెను అలంకారం ముగియని వేళలోనే నిలిపాయి. కావ్యంలో దుర్వార్త ఒక స్త్రీ నోట వినిపిస్తుంది. గోడపై మాటలకు చోటు లేదు. చిత్రకారునికి ఖాళీ కిరీటమే చాలింది.

దీనిని శృంగార చిత్రంగా చూసి రేఖాలాలిత్యాన్ని మాత్రమే మెచ్చుకోవడం అరకొర వ్యాఖ్యానం. రాగబంధం ఎంతటి దుఃఖహేతువో చెప్పే పాఠంగా చదవడం మరింత సులభం, ధర్మగ్రంథాలకు అనుకూలం కూడా. అయితే పాఠమే ఉద్దేశమైతే సుందరిని కొంతైనా చులకన చేయవలసింది. ఇక్కడ అది లేదు. ఆమెను పట్టుకొన్న ప్రతి చేతికీ చిత్రకారుడు గౌరవం ఇచ్చాడు. నందుని ప్రవ్రజ్య అతనికి మేలే చేసింది. అతడు కూడా మొదట ఇష్టపడి స్వీకరించలేదన్నది కథలో ఉన్నదే. సుందరిని మాత్రం ఎవరూ అడగలేదు. వాకాటక హరిషేణుని మంత్రి వరాహదేవుడు సంఘానికి సమర్పించిన ఈ విహారంలో, ఇల్లు విడిచి వచ్చినవారు నిత్యం తిరుగాడే చోట, విడిచిన ఇంటి గది ఒకటి తెరిచి ఉంచబడింది.

నాగార్జునకొండ శిల్పులు కూడా నందుని కథను మలచారు. అజంతాలోనూ అతని ముండనం, స్వర్గయాత్ర సమీపంలోనే ఉన్నాయి. కాని చూపరులు ఆగేది ఈ గదివద్దనే. మూలచిత్రం నేడు చాలా మాసిపోయింది; హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖకు అధిపతిగా ఉండిన గులాం యజ్దానీ 1930 నుండి 1955 వరకు నాలుగు భాగాలుగా వెలువరించిన అజంతా సంపుటాల వంటివి లేకుంటే పరిశోధకునికి ఇంకెంతో మరుగయ్యేది. కొత్తగా అచ్చయ్యే పుస్తకాలలోనైనా ఈ బొమ్మ కింద ‘సుందరి’ అని ఆమె పేరు వేయడం న్యాయం.