చుట్టకు పదును

ఆకు చేతిలో గలగలమంటే పదును చాలనట్టు. వేలికి అంటుకుంటే మించినట్టు. ఆ రెంటికీ నడుమ, మడిచినా విరగకుండా తోలులా సాగే ఘడియ ఒకటి ఉంటుంది. చుట్ట చుట్టాల్సింది అప్పుడే. కల్లూరులో మా తాత అరుగు మీద కూర్చుని పొద్దున్నే ఆ ఘడియ కోసం చూసేవాడు. పొగాకు కాడల మీద రాత్రే నాలుగు నీటిచుక్కలు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి పెట్టేవాడు.

కల్లూరుకు ఇటు తల్లాడ, అటు సత్తుపల్లి, ఆ పైన అశ్వారావుపేట అడవి. మా వైపు పొగతాగేవాళ్లకు రెండు ఆకులు తెలుసు. ఒకటి ఎండాకాలం అడవిలో కోసే తునికాకు. యాభై ఆకులు ఒక కట్టగా కట్టి, కల్లంలో ఎండబెడితే బీడీలకు పోతుంది. రెండోది పొగాకే. బీడీలో పొగాకుకు తునికాకు బట్ట, చుట్టలో పొగాకుకు పొగాకే బట్ట. క్యూబా సిగారూ మన చుట్టా దాయాదులని నేననేది అందుకే.

సిగారు ప్రియులను ఏది ఇష్టమని అడిగితే కొహీబా, మాంటెక్రిస్టో, పార్తగాస్ అని పేర్లు చెబుతారు. చుట్ట ప్రియుడు పేరు చెప్పడు, నేల చెబుతాడు: లంక పొగాకు. గోదావరి వరద తీశాక లంకల్లో మిగిలే ఒండ్రు మీద ఈ పంట వేస్తారు. ఎరువు వేయకముందే గోదావరి వేసి పోతుంది. మొక్క పూతకు వచ్చేసరికి తల తుంచుతారు, పక్కన వచ్చే పిలకలు తీసేస్తారు. పువ్వుకూ గింజకూ పోవలసిన సత్తువంతా అప్పుడు ఆకుకు చేరుతుంది. ఆకు దళసరి అవుతుంది, ఘాటెక్కుతుంది. ఈ ఆకు ఒకప్పుడు కాకినాడ రేవు నుంచి బర్మాకు ఓడలెక్కింది. అక్కడివాళ్లు చుట్టిన చుట్టల్లో మన గోదావరి మట్టి వాసన ఉండేది.

కోసిన ఆకును తోరణాలు కట్టి ఆరబెడతారు. అసలు విద్య ఆ తర్వాతిది: మండె వేయడం. ఆరిన ఆకును కాస్త పదునుతో గుట్టగా పేరిస్తే లోపల వేడి పుడుతుంది. ఆ వేడికి ఆకులోని పచ్చివాసన, అమోనియా ఘాటు బయటికి పోతాయి, రంగు ముదురుతుంది. వేడి మించితే ఆకు మాడి మట్టవుతుంది కాబట్టి మండెను విప్పి, పైది కిందికీ లోపలిది బయటికీ తిరగేసి మళ్లీ కడతారు. మండెలోకి చేయి పెట్టి, ఇవాళ తిప్పాలా రేపా అని చెప్పగలిగే రైతును నేను పండితుడనే అంటాను.

సిగరెట్టుకూ చుట్టకూ ఉన్న తేడాకు మూలం ఇక్కడే ఉంది. బ్యారన్‌లో వేడిగాలికి కాల్చిన వర్జీనియా ఆకులో చక్కెర మిగులుతుంది. దాని పొగ పులుపు గుణంది, గుండెల్లోకి పీల్చితే తప్ప నికోటిన్ ఎక్కదు. నీడన ఆరి మండెలో మాగిన ఆకులో చక్కెర దాదాపు ఉండదు. దాని పొగ క్షారం, నోటి పొరలోంచే నికోటిన్ ఒంటికి పడుతుంది. అందుకే చుట్ట తాగేవాడు పొగను నోట్లోనే నిలిపి వదులుతాడు.

ఇక చుట్టడం. తాత నడుమ ఈనె చీల్చి తీసేవాడు, అది ఉంటే పొగ దారి తప్పుతుంది. తునకలను పొడవునా పేర్చేవాడు, నలిపేవాడు కాదు. వాటి మీద చిరుగులేని పైఆకును ఏటవాలుగా చుట్టేవాడు. బిగిస్తే గాలి ఆడదు, వదులైతే ఒక పక్కే కాలుతుంది. చివర దారంతో ఒక ముడి. హవానా పనివాడు లోపలి ఆకు, కట్టు ఆకు, పైఆకు అంటూ మూడు పొరలు వేస్తాడు, మనవాడు రెంటితో ముగిస్తాడు. హవానా పనివాళ్లకు 1865 నుంచి పక్కన ఒకరు కూర్చుని పత్రికలూ నవలలూ చదివి వినిపించే ఆచారం ఉంది. ద్యూమా నవల మీది మోజే మాంటెక్రిస్టో పేరైందంటారు. మన చుట్టకూ సాహిత్యంలో చోటు తక్కువేం కాదు. గురజాడ గిరీశం నోట్లో చుట్ట లేకపోతే గిరీశమే కాడు. 1887లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ తొలి కథలో హంతకుడి ఆనవాళ్లలో ఒకటి తిరుచిరాపల్లి చుట్ట.

ఇంత చెప్పి ఒకటి దాచడం తప్పు. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా ఆడవాళ్లు, నిప్పు నోటి లోపల పెట్టుకుని తాగే అడ్డపొగ ఉంది. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో వెలువరించిన అధ్యయనం, ఈ అలవాటుకూ అంగిలిలో వచ్చే మచ్చలు, పుండ్లు, క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని చూపింది. నిప్పు బయట ఉన్న చుట్ట కూడా నోటికి కీడే. నేను చుట్ట తాగను, తాగమనను. కానీ ఒక ఆకును చూపుతో, వేలితో, వాసనతో చదివే ఆ నేర్పు సిగరెట్టు పెట్టె వచ్చాక ఇళ్లలోంచి పోతోంది, రాసి పెట్టినవాళ్లు నాకు కనిపించలేదు. నా బాధ అది.

దగ్గు పట్టాక తాత చుట్ట మానేశాడు. అయినా ఇరుగుపొరుగు ముసలాళ్లు కాడలు పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన ఆకును రెండు వేళ్ల మధ్య మడిచి, చెవి దగ్గర పెట్టుకుని, తిరిగి ఇచ్చేవాడు.

"ఇంకో గంట ఆగురా."