పాట అడిగిన ప్రశ్నకు మా జవాబు

తెలుగు కవిత్వంలో పల్లె అంటే తల్లి. పట్నం అంటే మాయదారిది. ఈ లెక్క మాకెప్పుడూ పూర్తిగా ఒప్పలేదు. ఆ తల్లి ఒడిలో మా చోటెక్కడో ఎవరూ చెప్పలేదు గనక. పచ్చని చేలనీ, ఏటిగట్టునీ, గుడిగంటల్నీ రాసిన కవులకు ఊరి చివరి మసీదు గోడా, పీర్ల కొట్టమూ ఎప్పుడో గాని కనబడలేదు.

గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట అట్లాంటిది కాదు. 2002లో ‘కుబుసం’ సినిమాతో ఊరూరా మోగిన ఈ పాట, కూలిపోయిన చేతివృత్తుల్ని ఏకరువు పెడుతూ మమ్మల్నీ తలుచుకుంది. చేపలు పట్టుకుంటూ తిరిగిన తురకల పిల్లలేరని అడిగింది. లారీల మీద పనికి పోయి పండగ సేమ్యాకు దూరమయ్యారని బాధపడింది. పట్నం బేకరీలో వాళ్ల కడుపు నిండిందా అని ఆరా తీసింది. చాలా నోళ్లలో తిట్టులా వినిపించే ‘తురక’ మాట ఇక్కడ ఆప్యాయంగా వినిపించింది. మా ఈద్‌ను పల్లె పోగొట్టుకున్నవాటిలో లెక్కేసిన పాటలు తెలుగులో ఎన్ని? ఆ చరణం విన్నప్పుడల్లా మాకు గొంతు పూడుకుపోతుంది.

కాని అడిగినవాళ్లు జవాబు కోసం ఆగాలి కదా. పాట ఆగదు. కడుపు నిండలేదని ముందే అనుకుంటుంది. అక్కడే మా పేచీ.

ముందు కడుపు సంగతి. పల్లెల్లో మాలో చాలామందికి భూమి లేదు. దూది ఏకడం, గిన్నెలకు కళాయి పూయడం, గాజులమ్మడం, జట్కా తోలడం మా బతుకుదెరువులు. స్టీలు గిన్నె వచ్చి కళాయిని మూలకు నెట్టింది. మిషన్లు వచ్చి దూదేకుల విల్లును నెట్టాయి. చేను లేనివాణ్ణి ఊరు ఏం చూపించి ఆపుతుంది? మెకానిక్ షెడ్డూ, ఆటో, బేకరీ భట్టీ మమ్మల్ని పిలిచాయి. వెళ్లాం.

ఇంకో ఆకలి ఉంది. ఊళ్లో మా అబ్బాలకు పేరుండేది కాదు. అందరూ ‘సాయిబే’. ప్రేమగానే పిలిచారు, కాదనం. పీర్ల పండక్కి ఊరంతా మాతో నడిచింది, అదీ కాదనం. కాని ఒకటి రెండు ఇళ్లవాళ్లం. గొడవ రాకూడదంటే గొంతు తగ్గించుకోవాలి. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు. కవులు మెచ్చుకునే పల్లె ప్రశాంతతలో మా మౌనం పాలు ఎంతో ఎవరైనా కొలిచారా?

పల్లె సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ నిలయమని 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ తేల్చి చెప్పాడు. దళిత కవులు ఊరినీ వాడనూ విడదీసి చూపించారు. మేం అక్కడికి ఇంకో దారిన చేరాం. అదే ఏడాది సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం మీద పోలీసు చర్య జరిగింది. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. జిల్లాల నుంచి పట్నానికి పారిపోయి వచ్చిన కుటుంబాలకు ఇరుకు గల్లీయే ప్రాణం నిలిపింది. వాళ్ల మనవల్ని పల్లెను తల్లిగా పాడమని ఎట్లా అడుగుతారు?

పట్నం స్వర్గమని మేం అనం. 1990 డిసెంబర్ కర్ఫ్యూ రాత్రులు మాకు గుర్తే. పేరు చెప్పగానే ‘ఇల్లు ఖాళీ లేదు’ అన్న మాటా విన్నాం. 2001 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద పట్టణవాసులు 27.8 శాతమైతే ముస్లింలలో 35.7 శాతం. భయం కొద్దీ మేం కొన్ని పేటల్లోనే గుమిగూడుతున్నామని 2006లో సచార్ కమిటీ రాసింది. పట్నంలోనూ మాకొక ఊరి చివర ఉందన్నమాట.

అయినా పట్నమే మేలంటాం. ఇక్కడ బుర్ఖా వేసుకున్న పిల్ల బస్సెక్కి కాలేజీకి పోతుంటే ఊరంతా తిరిగి చూడదు. ఇరానీ హోటల్లో ఉర్దూలో గట్టిగా నవ్వొచ్చు, తెలుగులో తగాదా పడొచ్చు. షెడ్డులో చేరిన పోరడు పదేళ్లకు ‘ఉస్తాద్’ అనిపించుకుంటాడు.

వెంకన్న పాట పల్లె గుమ్మంలో నిలబడి మా కోసం ఎదురుచూసింది. ఆ ఎదురుచూపు నిజం. వెళ్లినవాడి వైపు నుంచి రావలసిన పాటే తెలుగులో తక్కువ. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991), ఆ తర్వాత ‘జల్‌జలా’ (1998) అనుమానాన్ని మోసే మా బతుకును చెప్పాయి. పట్నాన్ని కోరి ఎంచుకున్న బతుకునూ చెప్పాలి. ఆ బాకీ వెంకన్నది కాదు, మాది.